సేవయు సంకెలయు

మెదడులోని ధమని గోడ ఒకచోట బలహీనపడి బుడగవలె ఉబ్బుటను వైద్యులు ఎన్యూరిజమ్ అందురు. పెద్దవారిలో నూటికి సుమారు 3 గురికి ఇది ఉండునని అంచనా. వీనిలో పెక్కు ఎన్నడును పగులవు. చికిత్సయందును అపాయము కలదు గనుక, వృద్ధులలోని చిన్న ఉబ్బును అప్పుడప్పుడు స్కానింగుచే పరిశీలించుచుండుటయే మేలని వైద్యులు తరచుగా నిర్ణయింతురు.

అట్టి తండ్రి గల కుమారుని ధర్మమేమి? పగిలినచో ప్రాణాపాయమే, కావున అతని భయము నిరాధారము కాదు. కాని ఆ భయముచే అతడు తండ్రిని గడప దాటనీయడు, చెట్లకు నీరు పోయనీయడు, ఇంటి విషయములలో ఆలోచన అడుగడు. దేహమును కాపాడుచు కాయకమును హరించుట సేవ యగునా?

రక్తపోటును అదుపులో నుంచుట, పొగత్రాగుట మాన్పించుట, మున్నెన్నడు నెరుగని తీవ్రమైన తలనొప్పి హఠాత్తుగా వచ్చినచో తక్షణమే ఆసుపత్రికి చేర్చుట కుమారుని విధులు. ఏ పని తగునో, ఏది తగదో వైద్యుని మాటను తండ్రి సమక్షముననే వినవలెను. పిమ్మట ఆయన దినములను ఎట్లు గడుప దలచెనో ఆయననే అడుగవలెను. అట్లడుగుటయు సేవయే.