నచికేతుడి మొదటి వరం

కఠోపనిషత్తు అనగానే ఉపన్యాసకులు ఆత్మ, మృత్యువు అంటూ పెద్ద మాటల్లోకి వెళ్లిపోతారు. నాకు మాత్రం అది ముందుగా ఒక ఇంట్లో జరిగిన గొడవ. ఉన్నదంతా దానం చేయాల్సిన యాగంలో తండ్రి వాజశ్రవసుడు ఒట్టిపోయిన ఆవుల్ని దానమిస్తున్నాడు. నీళ్లు తాగే ఓపిక, గడ్డి మేసే ఓపిక కూడా లేనివి. పక్కనున్న పిల్లాడు నచికేతుడు చూశాడు. 'మరి నన్నెవరికిస్తావు నాన్నా?' అని మళ్లీ మళ్లీ అడిగాడు. తండ్రికి ఒళ్లు మండింది. 'నిన్ను యముడికిస్తా' అనేశాడు. మన ఇళ్లలో ఇప్పటికీ వినిపించే 'చావు ఫో' ఎంత పాతదో చూడండి.

అంత కోపమెందుకు? పిల్లాడు అడిగింది అర్థంలేనిదైతే నవ్వి ఊరుకునేవాడు. దానమంటే ఎలా ఉండాలో నచికేతుడికి నేర్పింది ఆ ఇల్లే. నేర్చుకున్నదాన్ని పిల్లాడు తిన్నగా తండ్రి ముందే పెట్టాడు. ప్రహ్లాదుడి కథ చెప్పుకునేటప్పుడు ఇంటిల్లిపాదీ కొడుకు పక్షమే. మన పిల్లాడు ఎదురు మాట్లాడిన పూట మాత్రం 'చిన్నంతరం పెద్దంతరం లేదు' అంటాం.

తండ్రి మాట పట్టుకుని యముడి దగ్గరికే వెళ్లిన నచికేతుడికి ఆయన మూడు వరాలిచ్చాడు. అందరూ చెప్పుకునే ఆత్మవిద్య మూడోది. మొదటిది ఇది: నాన్న కోపం చల్లారాలి, తిరిగి వెళ్లాక నన్ను గుర్తుపట్టి పలకరించాలి. ఆవుల విషయంలో తను అన్నది తప్పని ఒప్పుకోలేదు. నాన్నకు బుద్ధి రావాలనీ కోరలేదు. అభిప్రాయభేదం అలాగే ఉండగా పలకరింపు మిగలాలన్నాడు. బ్రహ్మజ్ఞానం కంటే ఇదే కష్టమని నాకెప్పుడూ అనిపిస్తుంది.

గుంటూరులో లెక్చరరుగా రిటైరైన మిత్రుడొకాయన ఉన్నాడు. కుర్రతనంలో ముహూర్తం లేకుండా, పురోహితుడు లేకుండా దండలు మార్చుకుని పెళ్లి చేసుకున్నాడు. ఆయన తండ్రి చాలాకాలం గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడు ఆయన కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మొన్న కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని ఇంటికొచ్చాడు. నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు, ఉల్లీ వెల్లుల్లీ లేని వంట. దీక్షలో ఉన్నవాణ్ణి కన్నవాళ్లయినా 'స్వామీ' అనే పిలవాలి. తల్లికి రెండో పూటకే అలవాటైంది. ఆయనకు నోరు పెగల్లేదు. పేరు పెట్టి పిలిస్తే కొడుకు నొచ్చుకుంటాడు. స్వామీ అంటే తను ఇన్నేళ్లూ మాట్లాడిందంతా ఏమైనట్టు? చివరికి ఎవరినీ పిలవక్కర్లేని మాటల్లోకి దిగాడు. 'కాఫీ చల్లారిపోతోంది.' 'బస్సు టైమవుతోంది.'

'స్వేచ్ఛగా ఆలోచించమని పెంచాను, ఇలా తయారయ్యాడు' అన్నాడు నాతో. స్వేచ్ఛగా ఆలోచించి కొడుకు ఎక్కడికి చేరాలో కూడా ఆయన ముందే అనుకున్నాడన్నమాట. అయితే ఆయన్ని ఎగతాళి చేయలేను. ఏ నమ్మకమూ అందించకుండా పిల్లల్ని పెంచడం ఎవరివల్లవుతుంది? మనం మాటల్లో చెప్పకపోయినా, మన భయాలూ ఇష్టాలూ చూసే నేర్చుకుంటారు.

నాస్తిక కేంద్రం పెట్టిన గోరా ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టాడు. ఆ కొడుకు జీవితమంతా తండ్రి ఆశయాలతోనే నడిచాడు. పిల్లలకు పెద్దల పెత్తనం నుంచి విడుదల కావాలని 'బిడ్డల శిక్షణ' రాసిన చలం, 1950లో అరుణాచలం చేరి 1979లో పోయేదాకా అక్కడే ఉండిపోయాడు. ఆ జీవితంలో కూతురు సౌరిస్ మాటకు ఆయనిచ్చిన విలువ చలం పాఠకులకు తెలిసిందే. తండ్రి దారిలో నడిచినందుకు లవణం స్వేచ్ఛ తక్కువైందా? కూతురి మాట విన్నందుకు చలం ఓడిపోయాడా? దేనికీ అవునని అనలేను. ఒప్పుకున్నాడా, ఎదిరించాడా అన్నదాన్ని బట్టి మనిషి స్వేచ్ఛను తేల్చలేం.

'కని పెంచాం' అన్న వాదన ఒకటుంది. అడిగి పుట్టినవాడెవడూ లేడు కాబట్టి అది అప్పు కిందికి వస్తుందా అన్నది నా అనుమానం. తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టం వచ్చింది. మంచిదే. తిండికీ మందులకూ డబ్బు కట్టించగలదు, అంతకుమించి దాన్నుంచి ఆశించడం అన్యాయం.

అసలు చిక్కు మరొకచోట ఉందేమో. బిడ్డకు తల్లిదండ్రులు పరిచయమయ్యేసరికే వాళ్ల జీవితం చాలా నడిచిపోయి ఉంటుంది. దండలు మార్చుకున్న రోజున మా మిత్రుడి గుండె ఎంత కొట్టుకుందో కొడుక్కి తెలియదు, చూసింది గోడమీది ఫోటోనే. ఆ కొడుకు అరవయ్యో ఏట దేన్ని నమ్ముతాడో చూడ్డానికి ఈయన ఉండడు.

మాల ఎందుకు వేసుకున్నావని కొడుకుని అడిగావా అన్నాను. మూఢనమ్మకాల గురించి గంటసేపు వాదించాడట కానీ ఆ ఒక్కటీ అడగలేదట.

'అడగొచ్చుగా?'

'నిజంగా చెప్తాడేమోనని భయం' అన్నాడు.