పిల్లి విషయంలోనూ జవాబుదారులమే

పిల్లిని బంధించి, తిండి పెట్టక, బయట వెతుక్కుని తిననీయక చంపిన ఒక స్త్రీ నరకశిక్షకు గురయిందని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని ఈ హదీసు మనం విన్నదే. మరి పాలు తాగేసిందని పిల్లిని రోజంతా గదిలో పెట్టి తలుపు మూసేటప్పుడు అది మనకు గుర్తుకొస్తోందా?

హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ కోసం కోడలు కబ్షా నీళ్ళు పోశారు. ఇంతలో పిల్లి వచ్చింది. అది తాగేదాకా ఆయన పాత్రను వంచి పట్టుకున్నారు! కోడలు ఆశ్చర్యంగా చూస్తుంటే, పిల్లి అశుద్ధం కాదని, మన మధ్య తిరుగాడే ప్రాణి అని దైవప్రవక్త (సఅసం) చెప్పిన మాట వినిపించారు.

పిల్లికి అలవాట్లు నేర్పవచ్చు, కొట్టి మాత్రం కాదు. ఎప్పుడో చేసిన పనికి ఇప్పుడు దెబ్బ పడితే, మనల్ని చూసి పారిపోవడమే అది నేర్చుకుంటుంది. మంచి పని చేసిన మరుక్షణమే చిన్న చేపముక్క పెడితే మళ్ళీ చేస్తుంది. వెడల్పాటి తొట్టిలో ఇసుక పోసి, తిండిగిన్నెకు దూరంగా ఉంచి, రోజూ శుభ్రం చేస్తే చాలా పిల్లులు మలవిసర్జనకు అక్కడికే వెళతాయి. గోళ్ళతో గీరడం దాని నైజం. మంచం కోడు పక్కనే గోనెపట్టా చుట్టిన కొయ్య నిలబెట్టాలి. పాలగిన్నె సంగతంటారా, మూత పెట్టడం మన పని!

పిల్లలు తోక లాగితే నవ్వుకుంటాం, అది రక్కితే కర్ర తీస్తాం. ఇదేం న్యాయం? ముందు ఆ చేతిని ఆపి, తల మెల్లగా నిమరడం ఎలాగో పిల్లలకు చూపించాలి.