సగం బలంతో చేసిన పనికి జీతం హలాలేనా?

ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక ఒక సోదరుడు నా పక్కన వచ్చి కూర్చున్నారు. బట్టల షాపులో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నారు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. తర్వాత ఆరు నెలలు కీమోథెరపీ. ఇప్పుడు తిరిగి పనిలో చేరారు.

"మౌలానా! మధ్యాహ్నానికే ఒళ్ళు సోలిపోతోంది. వేళ్ళు తిమ్మిరెక్కి చీర మడత కూడా సరిగ్గా పెట్టలేకపోతున్నాను. జీతం మాత్రం పూర్తిగా తీసుకుంటున్నాను. పిల్లలకు హరామ్ తినిపిస్తున్నానా?" అని అడిగారు.

లక్షలు ఎగవేసేవారికి రాని భయం ఈ పేద విశ్వాసికి వచ్చింది!

"మీ పరిస్థితి సేఠ్ గారికి తెలుసా?" అన్నాను. జబ్బు సంగతి తెలుసుగాని, ఇంత నీరసం ఉందని చెప్పలేదన్నారు. చెబితే పనిలోంచి తీసేస్తారేమోనని భయం.

సోదరులారా! ఉద్యోగం ఒక ఒప్పందం. మన శక్తి ఎంతో తెలిసీ యజమాని పూర్తి జీతం ఇస్తే అది ఆయన చేసే ఇహ్సాన్ (ఉపకారం). ఆ సొమ్ము నిస్సందేహంగా హలాల్. తెలియకుండా దాచి తీసుకుంటేనే సందేహం. రోగం వివరాలన్నీ షాపులో అందరికీ చెప్పనక్కరలేదు. కాని ఎంత పని చేయగలమో జీతమిచ్చే వ్యక్తికి చెప్పడం అమానత్.

అలా చెప్పుకోవడంలో అవమానం ఏమీ లేదు. నిలబడలేని రోగి కూర్చుని, కూర్చోలేనివాడు పడుకుని నమాజు చేసుకోవచ్చు. రోగి ఉపవాసాలను తర్వాతి రోజుల్లో పూర్తిచేసుకోవచ్చు. అల్లాహ్ తన హక్కు విషయంలోనే ఇంత వెసులుబాటు ఇచ్చినప్పుడు, దాసుడు తోటి దాసుణ్ణి ఒక కుర్చీ అడగడం తప్పవుతుందా?

ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే సత్కార్యాల పుణ్యం రోగికి వ్రాయబడుతూనే ఉంటుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) శుభవార్త ఇచ్చారు. కనుక శక్తి తగ్గినంత మాత్రాన అల్లాహ్ దగ్గర మన విలువ తగ్గదు. అయితే అది అల్లాహ్ ప్రసాదించే పుణ్యం. దాన్ని చూపి మనిషి హక్కును దాచిపెట్టకూడదు.

ఇక యజమానులకు ఒక మాట. పనివారిపై శక్తికి మించిన భారం వేయవద్దనీ, వేస్తే మీరూ చేయి కలపమనీ దైవప్రవక్త ఆదేశించారు. చికిత్స ముగిసినా నీరసం నెలల తరబడి ఉండవచ్చు. అది సోమరితనం కాదు. బిల్లు కౌంటరు దగ్గర కూర్చోబెట్టండి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చనివ్వండి. పని గంటలు తగ్గిస్తే జీతం ఎంతో ఇద్దరూ ముందే మాట్లాడుకోండి. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. అతని టీ గ్లాసు వేరుగా పెట్టి మనసు నొప్పించకండి.

నిజం చెబితే ఉద్యోగం పోదని ఆ సోదరునికి నేను హామీ ఇవ్వలేకపోయాను. నిజాయితీపరుడు నిజం చెప్పడానికి భయపడుతున్నాడంటే, ఆ భయానికి రేపు అల్లాహ్ ముందు ఎవరు జవాబు చెప్పాలి? ఆలోచించండి.

రోగులందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థత, హలాల్ ఉపాధి ప్రసాదించుగాక! ఆమీన్.