పొగకు లేని పట్టింపు

పొయ్యి మీద దండెం కట్టి ఒక పక్క దుప్పి మాంసం, ఇంకో పక్క పందిమాంసం వేలాడదీస్తే, పొగ రెంటికీ ఒకే రంగు పట్టిస్తుంది. దానికి కులం తెలీదు, పట్టింపులన్నీ మనవే. ‘ఇదేమిటి, ఈవిడ మాంసం కబుర్లు మొదలెట్టింది!’ అని పేజీ తిప్పేయకండి. నేను అడగబోయేది వంట సంగతి కాదు, ధర్మం సంగతి.

మా కీసర వైపు మెట్ట ఊళ్లలో ఉప్పుకండ అంటే పాతవాళ్లకు చెప్పక్కర్లేదు. మాంసాన్ని పేలికలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి ఎండబెట్టేవారు. ముసురు పట్టిందంటే పొయ్యి పైన దండేనికి తగిలించేవారు. ఉప్పు తడిని లాగేస్తుంది, పొగ ఈగను రానివ్వదు. అమెరికాలో ఇదే పనిని ఇనప పెట్టెల్లో సన్నసెగ మీద గంటల తరబడి చేస్తారు. లేడి మాంసంలో కొవ్వు బహు తక్కువ, వట్టిదే పొగబెడితే చెక్కలా బిగుసుకుపోతుంది. అందుకని పంది కొవ్వును తోడు చేస్తారు. సెగ ఎంత సన్నదైనా పందిమాంసం ముక్క లోపల 63 డిగ్రీల సెంటీగ్రేడు, కైమా అయితే 71 దాకా వేడి చేరాలని అక్కడి ప్రభుత్వం చెబుతుంది. అంటే రాజుగారి వేటకు మెత్తదనం ఇచ్చేది బీదవాడి పందే నన్నమాట!

మన దగ్గర మాత్రం ఈ రెంటికీ చుట్టరికం కుదరదు. దుప్పి తిన్నవాడు వేటగాడూ, వీరుడూను. పంది తిన్నవాడిది ఊరి చివరి ఇల్లు. నాకు తెలిసిన ఒకావిడ ‘పందిమాంసం వండుతారట’ అని అద్దెకొచ్చిన వాళ్లను గుమ్మంలోంచే పంపేసింది. ఆ గుమ్మం పైనే వాళ్ల తాతగారు కొట్టిన దుప్పి కొమ్ములు మేకుకు వేలాడుతున్నాయి!

చట్టం ఈ లెక్కను తలకిందులు చేసింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక దుప్పిని వేటాడటమే కాదు, ఆ మాంసాన్ని ఇంట్లో ఉంచుకోవడమూ నేరమే. కృష్ణజింక జోలికి పోతే మూడు నుంచి ఏడేళ్ల జైలు. పెంపుడు పందిని తినేవాడికి ఏ భయమూ లేదు. నిన్నటి గొప్ప నేటి నేరమైంది, నిన్నటి చిన్నతనం ఏ తప్పూ లేనిదిగా మిగిలింది. అమెరికాలోనేమో లేళ్లు మెండు. లైసెన్సు తీసుకుని, చెప్పిన రోజుల్లో, చెప్పినన్నే వేటాడవచ్చు. మరి పాపం సముద్రం దాటితే పుణ్యమవుతుందా? కాదు. చట్టం అడిగేది మైల గురించి కాదు, ఆ జాతి మిగులుతుందా అని. ఆ ప్రశ్నకు ఒక్కో చోట ఒక్కో జవాబు ఉండటం సహజమే.

‘అసలు తినకపోతే ఏ గొడవా లేదుగా’ అంటారు. నేనూ తినను. కానీ భారతంలో ధర్మవ్యాధుణ్ణి తలుచుకుంటే నా గర్వం కాస్త తగ్గుతుంది. తపస్సు చేసిన కౌశికుడు ధర్మం తెలుసుకోవడానికి మిథిలకు వెళితే, గురువు మాంసం కొట్లో దొరికాడు. ఆ కొట్లో లేడి మాంసమూ ఉంది, పందిమాంసమూ ఉంది. తాను చంపననీ, తిననననీ చెప్పిన ఆ వ్యాధుడే, నాగలి కింద చచ్చే ప్రాణుల లెక్క కూడా చెప్పాడు. మన పప్పన్నానికీ ఆ లెక్కలో వాటా ఉంది సుమండీ!

తినకపోవడం నా నియమం. నన్ను నేను అదుపులో పెట్టుకోవడానికి అది పనికొస్తుంది గానీ, ఎదుటి మనిషిని కొలిచే మానికగా పనికిరాదు. ఒక తిండి మంచిచెడ్డలు అడగాలనుకుంటే అడగవలసినవి వేరే ఉన్నాయి. ఆ ప్రాణిని ఎలా చంపారు? దాని జాతి మిగులుతుందా? దాని పేరు చెప్పి ఏ మనిషినైనా గుమ్మం బయట నిలబెడుతున్నామా? మొదటి రెండూ వండేవాళ్లు చెప్పాలి. మూడోదానికి జవాబు చెప్పాల్సింది ఇంటి తాళంచెవులు కొంగున ముడేసుకున్న మనమే.