ప్రభుత్వం అమ్మితే లాటరీ హలాల్ అవుతుందా?

 

 

చల్లపల్లిలో ఒక శుక్రవారం జుమా నమాజు అయ్యాక ఒక సోదరుడు నా కోసం ఆగాడు. లారీ డ్రైవరు. మన వైపు బియ్యం కేరళకు తోలుతుంటాడు. దారిలో ఎక్కడున్నా నమాజు వదలని మనిషి. జేబులో నుంచి పది వేల రూపాయలు తీసి నా చేతిలో పెట్టబోతూ, "హజ్రత్! వజూఖానా కుళాయిలన్నీ కారిపోతున్నాయి. దీంతో బాగు చేయించండి" అన్నాడు. పక్కనున్న కమిటీ పెద్దలు ఎంతో సంతోషించారు. డబ్బు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. అతనే చెప్పాడు: "పాలక్కాడులో లాటరీ టికెట్టు కొన్నాను. లక్ష తగిలింది. దొంగ సొమ్మేమీ కాదు హజ్రత్. కేరళ ప్రభుత్వమే అమ్ముతుంది. పన్ను కూడా కోసుకునే ఇచ్చారు."

నేను ఆ డబ్బు తీసుకోలేకపోయాను. అతని ముఖం చిన్నబోయింది. "మంచి పనికే కదా ఇస్తున్నాడు, పేదవాడి మనసు కష్టపెట్టడం ఎందుకు?" అని కమిటీలో ఒక పెద్దాయన కూడా అన్నారు. నిలబడి చెప్పిన నాలుగు మాటలతో అతని సందేహం తీరలేదు. ప్రభుత్వం అమ్ముతోంది, పన్ను కట్టాను, మంచి పనికి ఇస్తున్నాను - ఈ మూడు వాదనలు అతనొక్కడివే కావు. మన ఇళ్ళలో చాలామంది మనసుల్లో ఉన్నవే. అందుకే వాటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

చెక్‌పోస్టుకు ఇటు నేరం, అటు వ్యాపారం

మన దేశంలో లాటరీల గురించి 1998లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఒంటి అంకె లాటరీని ఆ చట్టం నిషేధించింది. షరతులకు లోబడి రాష్ట్రాలు లాటరీ నడుపుకోవచ్చునన్నది. ఇతర రాష్ట్రాల టికెట్లు తమ గడ్డ మీద అమ్మరాదని నిషేధించుకునే అధికారం కూడా రాష్ట్రాలకే ఇచ్చింది. దీని ఫలితం చూడండి. కేరళ 1967లో దేశంలోనే మొదటగా ప్రభుత్వ లాటరీ ప్రారంభించి నేటికీ నడుపుతోంది. పక్కనే ఉన్న తమిళనాడు 2003లో లాటరీ టికెట్ల అమ్మకాన్ని నిషేధించింది. మన లారీలు కోయంబత్తూరు దాటి వాళయార్ చెక్‌పోస్టు మీదుగా కేరళలోకి వెళతాయి. ఆ చెక్‌పోస్టుకు ఇటువైపు టికెట్టు అమ్మితే నేరం. అటువైపు అమ్మితే వ్యాపారం. కాగితం అదే, ఆట అదే, ఆశ అదే.

కాలం మారినా ఇంతే. హిమాచల్ ప్రదేశ్‌లో 1999లో ఆగిపోయిన లాటరీని మళ్ళీ తేవాలని 2025 జూలైలో అక్కడి మంత్రివర్గం నిర్ణయించింది. ఖజానాకు రాబడి కావాలన్నది కారణం. మన రాష్ట్రంలో 1974 నాటి జూద నిరోధక చట్టాన్ని 2020లో సవరించి, ఫోనులో డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్ వంటి ఆటలను కూడా దాని కిందికి తెచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది.

సోదరులారా! శాసనసభలు ఒకనాడు మూసిన తలుపును మరొకనాడు తెరుస్తాయి. తెరిచినదాన్ని మళ్ళీ మూస్తాయి. జూదాన్ని నిషేధించే చట్టం వస్తే మనం సంతోషిద్దాం, దాన్ని పాటిద్దాం. కాని విశ్వాసికి హలాల్, హరాంల హద్దు చెక్‌పోస్టు దగ్గర మారదు. సూరె మాయిదా 90, 91 ఆయతుల్లో అల్లాహ్ మద్యంతో పాటు జూదాన్ని కూడా షైతాను చేష్టలలోని అపవిత్ర కార్యంగా పేర్కొన్నాడు. దాని ద్వారా షైతాను మనుషుల మధ్య శత్రుత్వాన్ని, ద్వేషాన్ని రగిలిస్తాడని, దైవస్మరణ నుంచి, నమాజు నుంచి వారిని ఆపుతాడని హెచ్చరించాడు. అమ్మేవాడు ప్రభుత్వమైతే ఒక నియమం, పేకాట క్లబ్బు అయితే మరో నియమం అని అక్కడ లేదు.

"పేదలకే కదా ఖర్చు పెడుతున్నారు?"

లాటరీ ఆదాయంతో పేద రోగులకు వైద్యం చేయిస్తున్నారు కదా అంటారు. కేరళలో 'కారుణ్య' పేరుతో ఒక లాటరీయే ఉంది. దాని ఆదాయం పేదల చికిత్స కోసం ఉద్దేశించినది. ఇది బలమైన వాదనే. దీనికి జవాబు దివ్యఖుర్ఆన్‌లో ఉంది.

సూరె బఖరా 219వ ఆయతులో మద్యం, జూదాల గురించి అల్లాహ్ తెలియజేస్తూ, వాటిలో పెద్ద పాపం ఉందని, ప్రజలకు కొన్ని ప్రయోజనాలూ ఉన్నాయని, అయితే వాటి పాపం ప్రయోజనం కన్నా ఎంతో పెద్దదని స్పష్టం చేశాడు. గమనించండి! ప్రయోజనమే లేదని అల్లాహ్ అనలేదు. ఉందని ఒప్పుకుని, తూచి, తేలికదని తేల్చాడు.

ఆ ప్రయోజనం ఏమిటో ముఫస్సిర్లు వివరించారు. ఇస్లాంకు ముందు అరబ్బులు 'మైసిర్' ఆడేవారు. ఒక ఒంటెను అప్పు మీద కొని కోసేవారు. పది బాణాలను సంచిలో వేసి కలిపేవారు. ఏడు బాణాల మీద ఒకటి మొదలు ఏడు వరకు వాటాలుండేవి. మూడు బాణాలు ఖాళీ. ఖాళీ బాణం వచ్చినవాడు మాంసం దక్కకపోగా ఒంటె ఖరీదు కట్టాలి. గెలిచినవాళ్ళు ఆ మాంసాన్ని తాము తినకుండా పేదలకు పంచి, మేమెంత దాతలమో చూడండని గొప్పలు పోయేవారు. పేదల పేరుతో లాటరీ ఈనాటి ఆలోచన కాదు సోదరులారా! పధ్నాలుగు వందల ఏళ్ళ క్రితం నాటి మైసిర్ అదే. పేదలకు మాంసం అందుతున్నా అల్లాహ్ దాన్ని నిషేధించాడు.

ఎందుకు? ఒక చిన్న లెక్క చూడండి. వంద మంది తలా పది రూపాయలు వేశారనుకోండి. వెయ్యి అయింది. నడిపేవాడు నాలుగు వందలు ఉంచుకుని ఒకడికి ఆరు వందలు ఇచ్చాడు. ఇక్కడ ఎవరూ ఒక గింజ పండించలేదు, ఒక ఇటుక పేర్చలేదు. తొంభై తొమ్మిది మంది జేబులు ఖాళీ అయితే తప్ప ఆ ఒక్కడి జేబు నిండదు. వ్యాపారంలో కొన్నవాడికి సరుకు, అమ్మినవాడికి ధర దక్కుతాయి. జూదంలో ఒకరి సంతోషానికి మిగతా అందరి నష్టమే పెట్టుబడి. అందుకే సూరె నిసా 29వ ఆయతులో ఒకరి సొమ్మును మరొకరు అధర్మంగా తినవద్దని వారించి, పరస్పర అంగీకారంతో సాగే వర్తకాన్ని మాత్రం అల్లాహ్ అనుమతించాడు.

"వాళ్ళూ ఇష్టపడే కొన్నారు కదా?" అనవచ్చు. ఇష్టపడింది గెలవడానికి. పోగొట్టుకోవడానికి ఎవరూ ఇష్టపడరు. టికెట్టు కొనేవారిలో ఎక్కువ మంది ఎవరు? కూలి పనివాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు, అప్పుల్లో ఉన్నవాళ్ళు. వారి దగ్గర పది పది రూపాయలు పోగుచేసి, వారిలో జబ్బుపడ్డ ఒకరికి మందులు కొనిస్తే దాన్ని కారుణ్యం అనాలా? ఇస్లాం జకాత్‌ను ఏర్పాటు చేసింది. అది ఉన్నవాడి నుంచి తీసుకుని లేనివాడికి ఇస్తుంది. లాటరీ లేనివాడి ఆశ మీద పన్ను వేస్తుంది.

"పన్ను కట్టేశాను కదా?"

ఇక రెండవ వాదన. లాటరీ గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను ఉంది. టికెట్ల మీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. ఇంత పన్ను కట్టిన డబ్బు శుభ్రమైనది కాదా అని మన డ్రైవరు సోదరుడి ప్రశ్న. ప్రభుత్వం దృష్టిలో అది లెక్క తేలిన డబ్బే. కాని పన్ను సొమ్ము మూలాన్ని మార్చదు.

మనలో కిరాణా, బట్టలు, ఇనుము వ్యాపారాలు చేసేవారికి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. మీరు టోకు వర్తకుని దగ్గర సరుకు కొన్నప్పుడు కట్టిన జి.ఎస్.టి.ని మీరు కట్టవలసిన పన్నులో తగ్గించుకుంటారు. దాన్ని ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అంటారు. అయితే దానికి షరతుంది. మీకు అమ్మినవాడు ఆ పన్నును నిజంగా ప్రభుత్వానికి జమ చేసి ఉండాలి. మీ దగ్గర బిల్లు ఎంత చక్కగా ఉన్నా, పైవాడు జమ చేయకపోతే మీ క్రెడిట్ చెల్లదు. నోటీసు వస్తుంది. ఇక సరుకే కొనకుండా దొంగ బిల్లుతో క్రెడిట్ తీసుకోవడం మోసం. అది ముస్లిం చేయదగిన పని ఎంతమాత్రం కాదు.

సత్కార్యాల ఖాతా కూడా అలాంటిదే. మనం మసీదుకు వెయ్యి ఇచ్చి రసీదు తీసుకుంటాం. కాని ఆ వెయ్యి మన చేతికి ఏ దారిన వచ్చిందో అల్లాహ్ చూస్తాడు. అల్లాహ్ పరిశుద్ధుడని, పరిశుద్ధమైనదాన్ని తప్ప ఆయన స్వీకరించడని దైవప్రవక్త (స) బోధించారు. దూర ప్రయాణం చేసి, దుమ్ము కొట్టుకుపోయి, చేతులెత్తి ప్రార్థించే మనిషి తిండి, బట్ట హరాం సంపాదనవైతే అతని దుఆ ఎలా అంగీకరించబడుతుందని అదే హదీసులో ప్రశ్నించారు (ముస్లిం). మూలం చెల్లనప్పుడు క్రెడిట్ చెల్లదు. మూడవ వాదనకు, అంటే మంచి పనికి ఇస్తున్నాననే దానికి కూడా జవాబు ఇదే.

హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి) గారి బానిస ఒకసారి ఏదో తినుబండారం తెచ్చి ఇచ్చాడు. ఆయన తిన్న తర్వాత, అది తాను అజ్ఞాన కాలంలో జోస్యం చెబుతున్నట్టు ఒకరిని నమ్మించి, దానికి ప్రతిఫలంగా పొందినదని చెప్పాడు. వెంటనే ఆయన గొంతులో వేలు పెట్టుకుని తిన్నదంతా కక్కేశారు (బుఖారీ). తెలియక తిన్నదే ఆయనకు అంత భారమైంది. తెలిసి తెలిసి మన పిల్లలకు ఏమి తినిపిస్తున్నామో ఆలోచించండి.

నోటీసు ఎప్పుడో అందింది

పన్ను శాఖవారు ముందు షోకాజ్ నోటీసు ఇస్తారు. జవాబు చెప్పుకునే అవకాశం ఇచ్చాకే జరిమానా వేస్తారు. హెచ్చరించకుండా శిక్షించడం న్యాయం కాదు. సందేశహరుణ్ణి పంపకుండా తాను ఎవరినీ శిక్షించనని అల్లాహ్ కూడా సూరె బనీ ఇస్రాయీల్ 15వ ఆయతులో తెలియజేశాడు. ఆ ప్రవక్త (స) వచ్చారు, గ్రంథం వచ్చింది, జూదం సంగతి తేటతెల్లమైంది. నోటీసు అందలేదని మనం రేపు చెప్పుకోలేము.

ప్రళయదినాన మనిషి పాదాలు కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పనిదే కదలవని తిర్మిజీ హదీసు తెలుపుతోంది. ఆయుష్షు గురించి, జ్ఞానం గురించి, శరీరం గురించి ఒక్కొక్క ప్రశ్న ఉంటుంది. ధనం గురించి మాత్రం రెండు: ఎలా సంపాదించావు? దేనికి ఖర్చు చేశావు? మన డ్రైవరు సోదరుడి దగ్గర రెండో ప్రశ్నకు జవాబు ఉంది. మొదటి ప్రశ్నకు లేదు.

మరి ఏం చేయాలి?

టికెట్టు కొనడం, తెచ్చిపెట్టడం, అమ్మడం ఏదీ ధర్మసమ్మతం కాదు. పాపకార్యాల్లో ఒకరికొకరు తోడ్పడవద్దని సూరె మాయిదా 2వ ఆయతు ఆదేశిస్తోంది. "నేను ఆడను, కమీషను మాత్రం తీసుకుంటాను" అనే మాట చెల్లదు. సంక్రాంతి బరుల దగ్గర గుండాట బల్లకు చోటు అద్దెకిచ్చినా ఇంతే. "రా, జూదమాడదాం" అని నోట అన్నవాడు కూడా దానికి పరిహారంగా దానం చేయాలని దైవప్రవక్త (స) ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). పిలుపుకే పరిహారం ఉంటే ఆటకు ఎంత ఉండాలి?

ఇప్పటికే గెలిచిన సొమ్ము ఉంటే తౌబా చేసుకుని, పుణ్యం ఆశించకుండా, భారం దించుకునే ఉద్దేశంతో నిరుపేదలకు ఇచ్చివేయాలి. మసీదుకు వాడకూడదు. హజ్జ్‌కు, ఖుర్బానీకి అసలే కాదు.

"మరి చీట్లు వేసి తీయడమే తప్పా?" అని సోదరీమణులు అడుగుతుంటారు. కాదు. దైవప్రవక్త (స) ప్రయాణానికి బయలుదేరేటప్పుడు తన భార్యల్లో ఎవరు వెంట రావాలో చీటీ వేసి నిర్ణయించేవారు. పది మంది నెలకు సమానంగా వేసుకుని, చీటీ తీసి, వంతులవారీగా అందరూ అంతే మొత్తం తీసుకునే చిట్టీలో ఎవరి డబ్బూ పోదు. అది జూదం కాదు. పాట పాడి తగ్గించుకునే చిట్టీ వేరు. అందులో వడ్డీ దూరుతుంది. దాని జోలికి పోవద్దు.

తల్లిదండ్రులు పిల్లల ఫోన్ల మీద ఒక కన్ను వేసి ఉంచండి. చట్టం నిషేధించినా దొంగదారులు మిగిలే ఉంటాయి. తల్లి పుస్తెలు తాకట్టు పడేవరకు ఇంట్లో తెలియని సందర్భాలు మన మధ్యే ఉన్నాయి. తెలిసినప్పుడు తిట్టి తరిమేయకండి. దగ్గర కూర్చోబెట్టుకుని అప్పెంతో అడగండి.

సోదరులారా! ఒక అన్సారీ సహాబీ లేమితో యాచించడానికి వస్తే దైవప్రవక్త (స) ఆయన ఇంట్లో ఉన్న కంబళిని, గిన్నెను తెప్పించి రెండు దిర్‌హమ్‌లకు వేలం వేశారు. ఒక దిర్‌హమ్‌తో ఇంటికి తిండి కొనమన్నారు. రెండో దానితో గొడ్డలి కొనిపించి, దానికి తన స్వహస్తాలతో పిడి బిగించి, పదిహేను రోజులు కట్టెలు కొట్టి అమ్మమన్నారు. ఆయన పది దిర్‌హమ్‌లు సంపాదించి తిరిగి వచ్చారు (అబూదావూద్). ప్రవక్త (స) పేదవాడి చేతికి ఇచ్చింది గొడ్డలి. టికెట్టు కాదు.

ఆ డ్రైవరు సోదరుడు మూడు వారాల పాటు జుమాకు వేరే మసీదుకు వెళ్ళాడని తెలిసి నేను బాధపడ్డాను. నాలుగో వారం వచ్చాడు. గెలిచిన డబ్బు నిరుపేదలకు ఇచ్చేశానని నెమ్మదిగా చెప్పి, కిరాయి డబ్బులో నుంచి రెండు వందల రూపాయలు తీసి ఇచ్చాడు. దాంతో ఒక కుళాయి వచ్చింది. మిగతా వాటికి మహల్లావాళ్ళు తలా కొంత వేశారు.

ఓ అల్లాహ్! మాకు హలాల్ ఉపాధిని ప్రసాదించు. అది కొంచెమైనా అందులో శుభాన్ని కలిగించు. మా ఇళ్ళను, మా సంతానాన్ని జూదం నుంచి కాపాడు. అప్పుల్లో కూరుకున్నవారి కష్టాలు తొలగించు. ఆమీన్.