దొర్కా అను పేరు

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 9:36-43



మన ఇండ్లలో బిడ్డ పుట్టగానే పేరు కొరకు వెదకుట మొదలగును. పేరు క్రొత్తగా ఉండవలెను, పలుకుటకు నాజూకుగా ఉండవలెను అని తలిదండ్రులు కోరుదురు. అందుచేత మన అవ్వల పేర్లు కొన్ని మూలబడినవి. వాటిలో దొర్కా ఒకటి. ఆ పేరుగల బాలికను తోటిపిల్లలు, "దొరుకుతావా, దొరకవా?" అని ఆటపట్టింతురు. దానిని కొందరు దోర్కా అందురు, కొందరు డోర్కస్ అందురు, పల్లెలలో దొర్కమ్మ అందురు. వీటిలో ఏది సరియైనది? ఈ పేరు నేటి బిడ్డకు తగునా? లేఖనమునే అడిగి చూతము.

యొప్పే పట్టణపు ఈ శిష్యురాలికి రెండు పేర్లున్నట్టు లూకా వ్రాసెను. అరామిక్ భాషలో తబిత, గ్రీకు భాషలో దొర్కా. రెంటికిని అర్థమొక్కటే: ఇఱ్ఱి, అనగా లేడి. గ్రీకువారు చివరి అక్షరమును ఒత్తి దొర్కాస్ అనిరి. ఇంగ్లీషువారు మొదటి అక్షరమును ఒత్తి డోర్కస్ అందురు. మన తెలుగు బైబిలు చివరి సకారమును విడిచి దొర్కా అనెను. ఏ నాలుకకు తగినట్టు ఆ నాలుక మలచుకొన్నది. ఇందులో దోషమేమియు లేదు. పేతురు మోకరించి ప్రార్థించి, ఆమెను తబితా అని పిలిచెను. స్వజనుల భాషలోని పేరు విని ఆమె కన్నులు తెరచెను.

పలుకుబడినిబట్టి మనుష్యులను తూచుట ఎంత ఘోరమో న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయము చూపుచున్నది. యొర్దాను రేవులయొద్ద షిబ్బోలెతు అనలేక సిబ్బోలెతు అనిన ఎఫ్రాయిమీయులను గిలాదువారు చంపిరి. ఆ కాలమున కూలినవారు 42,000 మంది. ఒక బిడ్డ పేరును, ఒక పేదవాని మాటతీరును ఎగతాళి చేయునప్పుడు మనమును ఆ రేవునొద్దనే నిలిచియున్నాము.

పేర్లకు వచ్చు ఆదరణయు నిలుకడలేనిదే. 16, 17 శతాబ్దములలో ఇంగ్లాండునందు బైబిలు ప్రజల చేతికి వచ్చినప్పుడు, ప్యూరిటనులు తమ కుమార్తెలకు దొర్కా అని పేరు పెట్టిరి. వారితోకూడ అది అమెరికాకును వెళ్లెను. 20వ శతాబ్దము గడచుకొలది అక్కడ అరుదయ్యెను. తబిత అను పేరో, 1966లో ఒక అమెరికా టెలివిజన్ కథలోని మంత్రగత్తె బిడ్డకు పెట్టబడిన పిమ్మట ఆ దేశమున ప్రబలెను. ఒకే అర్థముగల రెండు పేర్లలో ఒకటి తగ్గెను, ఒకటి హెచ్చెను. ఘానా, నైజీరియా దేశముల క్రైస్తవులలో దొర్కా నేటికిని వినబడుచున్నది. లోకపు మోజు గాలివంటిది. దాని వెంట పరుగెత్తి ఎవరు పట్టుకొనగలరు?

అయితే ఆమె పేరు దేనివలన నిలిచినది? ఆమె పలికిన మాట ఒక్కటైనను వ్రాయబడలేదు. ఆమె భర్తను గూర్చిగాని, ఆస్తిని గూర్చిగాని లూకా చెప్పలేదు. అయినను క్రొత్త నిబంధన అంతటిలో శిష్యురాలు అను గ్రీకు పదము ఈమెకు మాత్రమే వాడబడినది. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను పేతురునకు చూపిరి. ఆ కుట్లే ఆమె సాక్ష్యము. అందుచేతనే 19వ శతాబ్దములో ఇంగ్లాండు, అమెరికా సంఘముల స్త్రీలు బీదలకు బట్టలు కుట్టుటకు కూడుకొని, తమ కూటములకు దొర్కా సమాజములని పేరు పెట్టుకొనిరి.

తలిదండ్రులారా, అవ్వ పేరు బిడ్డకు పెట్టుటకు సిగ్గుపడకుడి. అయితే పేరు పెట్టి ఊరకుండకుడి. ఆ పేరు వెనుకనున్న చేతులను గూర్చి బిడ్డకు చెప్పుడి. సంఘస్థులారా, మన వీధిలో దుప్పటి లేక చలికి వణకు విధవరాలు ఉండగా, ఎందరు బాలికలకు దొర్కా అని పేరు పెట్టినను ఏమి లాభము? ఈ నెలలో ప్రతి కుటుంబమును అట్టివారి ఒక్క ఇంటి తలుపైనను తట్టవలెను.

అప్పుడు తోటిపిల్లలు, "దొరుకుతావా, దొరకవా?" అని నవ్వినను మన బిడ్డ తల వంచుకొనదు. "అక్కరలో ఉన్నవారికి దొరుకుతాను" అని చెప్పగలదు. ప్రభువు మన బిడ్డలను అట్లు పెంచుటకు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.