మాటలు తక్కువైనవారు, క్రొత్తవారి నడుమ
(చదువవలసిన వాక్యభాగము: నిర్గమకాండము 4:10–17)



ఈ కాలమున ఉద్యోగము దొరికినంత మాత్రమున చాలదు, శిక్షణకును పోవలెను. 2019 అక్టోబరు 2న మన రాష్ట్రమున గ్రామ సచివాలయములు ఆరంభమైన తరువాత లక్షకు పైగా యువజనులు వాటిలో పనికి కుదిరిరి. మన సంఘముల బిడ్డలును వారిలో ఉన్నారు. అంగన్‌వాడీ కార్యకర్తలకును, ఉపాధ్యాయులకును, పొదుపు సంఘముల లెక్కలు వ్రాయువారికిని ఏదో యొక తరగతి తప్పదు. ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రమున్నది గనుక ఇచ్చటి రైతులకును ఇది ఎరిగిన సంగతియే. ఆ తరగతులలో ఏమి నేర్పుదురో మేము వ్రాయబోవుట లేదు. అక్కడికి పోవు నెమ్మదైన మనిషిని గూర్చియే మా తలంపు.

మేమును అట్టివారమే. మా పని నిమిత్తమై ఆమదాలవలసలో మూడు దినములు ఒక తరగతిలో కూర్చుంటిమి. నలుబది మందిలో ఎరిగిన ముఖము ఒక్కటియు లేదు. మొదట ఒక్కొక్కరు లేచి పేరు, ఊరు చెప్పి, తమ్మును గూర్చి నవ్వు పుట్టించు మాట ఒకటి చెప్పవలెననిరి. మా వంతు వచ్చువరకు మేము చెప్పవలసినదే లోలోపల వల్లించుకొనుచుంటిమి గనుక, మాకు ముందు చెప్పినవారి పేరు ఒక్కటైనను చెవికెక్కలేదు. తరువాత చప్పట్ల ఆటలు. టీ వేళ అందరు గుంపులు గుంపులుగా నిలిచి మాటలాడుచుండగా, గ్లాసు చేతబట్టుకొని గోడమీది పటములను రెండుసారులు చదివితిమి. భోజనపు పళ్లెముతో ఎవరి ప్రక్కన కూర్చుండవలెనన్నది ఎంత పెద్ద ప్రశ్నయో, నోరుగలవారికి తెలియదు! సాయంకాలమునకు ఒళ్లు అలయలేదు గాని మనస్సు తోడివేసిన చెలమవలె ఉండెను. నాగావళి ఇసుకలో చెలమ తీయువారెరుగుదురు: నీరంతయు తోడిన తరువాత కొంతసేపు దానిని ముట్టక విడిచిపెట్టవలెను; అప్పుడే మరల ఊరును. జనసమూహములు తనయొద్దకు కూడి వచ్చుచుండగా మన ప్రభువు అరణ్యములోనికి వెళ్లి ప్రార్థించుచుండెనని లూకా 5:16లో చదువుదుము.

స్విట్జర్లాండు దేశపు మనస్తత్వ వైద్యుడు కార్ల్ యూంగ్, ఒక సంఘకాపరి కుమారుడు, 1921లో ప్రచురించిన గ్రంథమున అంతర్ముఖులు, బహిర్ముఖులు అని మనుష్యుల తీరులను వివరించెను. అది తీరేగాని రోగము కాదు. అయినను లోకము నోరున్నవానిదే రాజ్యమనును. పదిమందిని కూర్చుండబెట్టి తోచినదెల్ల పలికించినయెడల మంచి ఆలోచనలు పుట్టునని అమెరికాలో ఆస్బార్న్ అను ప్రకటనల వ్యాపారి ప్రచారము చేసెను. 1958లో యేల్ విశ్వవిద్యాలయము వారు దానిని పరీక్షించి చూడగా, నలుగురు కలిసి చెప్పినవాటికంటె నలుగురు వేరువేరుగా ఆలోచించి చెప్పినవే ఎక్కువగా ఉండెను. ఈ సంగతి శిక్షణలు నడుపువారి చెవికి ఇంకను సోకినట్లు లేదు.

అయితే మౌనమంతయు మంచిదేనా? ఇదియే మమ్మును విడువని ప్రశ్న.

రెండవ దినమున, వానకాలములో పిల్లలు అంగన్‌వాడీకి ఏల రారని అడిగిరి. గట్టిగా మాటలాడువారందరు తల్లులనే నిందించిరి. వారికి శ్రద్ధ లేదనిరి, బద్ధకమనిరి. మా బల్లమీద ఒక కొండ పల్లెనుండి వచ్చిన సహోదరి యుండెను. ఆమె నోరు తెరిచి యుండలేదు. ఇప్పుడు తల వంచుకొని, తనలో తాను అనుకొనుచున్నట్లు, “గెడ్డ పొంగుతాది కదా” అనెను. ఆమెకు అవతలి ప్రక్కన పలాసనుండి వచ్చిన యొకామె యుండెను. ఉదయమునుండి ఆమె మాటలతో మాకు తల నొచ్చియుండెను. ఆమె చటుక్కున ఇటు తిరిగి, “ఏటమ్మా, ఏటన్నావు? మళ్లీ సెప్పు” అని అడిగి, మెల్లగా సంగతి అంతయు రాబట్టి, లేచి అందరికి వినిపించెను. వంతెన లేదు, నడుములోతు నీటిలో బిడ్డనెత్తుకొని ఏ తల్లి దాటును? అధికారి ఆ పల్లె పేరు అడిగి వ్రాసికొనెను.

ఆ సహోదరి పలుకకపోయినయెడల ఆ తల్లులమీద నింద అట్లే నిలిచియుండును. తాను నోటి మాంద్యము గలవాడనని మోషే చెప్పినప్పుడు దేవుడు కోపపడలేదు. నోరిచ్చినవాడు తానేనని జ్ఞాపకము చేసెను. మరి యొకని పంపుమని మోషే తప్పించుకొనజూచినప్పుడే ఆయన కోపము రగిలినది. అప్పుడైనను ఆయన మోషేను మాటకారిగా మార్చలేదు. అహరోనును ప్రక్కన నిలిపెను. ఎదుటివానికి చోటిచ్చు మౌనము వేరు, మన చర్మము కాచుకొను మౌనము వేరు. బయటికి రెండును ఒక్కటే పోలికగా నుండుట చేత, ఏది ఏదియో లోపలనున్నవారే తేల్చుకొనవలెను.

మాటకారులను గూర్చియు ఒక మాట. పలాస సహోదరికి నోరు మాత్రమే గాక చెవియు ఉండెను. అది మాకు ఆశ్చర్యము. మన ఉజ్జీవ కూటములలో సాక్ష్యము చెప్పుటకు లేవనివారిని చల్లారినవారని ఎంచుచున్నాము. అట్టివారి ప్రక్కన కూర్చుండి అడిగినవారెందరు? శిష్యులందరు సౌలునకు భయపడి దూరముగా నున్నప్పుడు బర్నబా అతనిని చేరదీసి, అతని సంగతి తానే వారికి వివరించెను (అపొ. కార్య. 9:27).

అంద్రెయను చూడుడి. పేతురువలె పెద్ద ప్రసంగములు అతనివి ఏవియు సువార్తలలో మనకు కానరావు. అతడు మొదట మాటలాడినది తన సహోదరునితో (యోహాను 1:41). అయిదువేలమంది కూడిన చోట, అయిదు రొట్టెలతో నిలిచియున్న చిన్నవానిని గూర్చి చెప్పినది అతడే (యోహాను 6:8, 9).